బొచ్చూ మైనమూ పట్టుదారమూ

జంతువు బొచ్చులో రెండు పొరలు ఉంటాయని నాకు మొదట చూపించినవారు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెన్‌టౌన్‌లో మా పక్కింటి పెద్దాయన. 1990ల చివర్లో మావారి ఉద్యోగం అక్కడ. నాకు ఉద్యోగం చేసుకునే వీసా లేదు. కారు నడపడం అప్పటికి రాదు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. పెద్దాయన ఉక్కు కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసి విరమించుకున్న మనిషి. మధ్యాహ్నం కాగానే గరాజు తలుపు పైకెత్తి, వెలుతురు పడేచోటికి బల్ల జరుపుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని ఫ్లైలు కట్టుకునేవారు. వస్తూ పోతూ ఆగి చూసేదాన్ని. కొన్నాళ్లకు ఆయనే పిలిచి స్టూలు వేశారు.

ఫ్లై అంటే పురుగులా కనిపించే ఎర. చిన్న కొక్కేనికి దారం, ఈకలు, బొచ్చు చుట్టి చేస్తారు. అక్కడి వాగుల్లో ఉండే ట్రౌట్ చేపలు నీటిలో పుట్టి పెరిగి, రెక్కలొచ్చాక పైకి ఎగిరే సన్నని పురుగులను తింటాయి. ఏ కాలంలో ఏ పురుగు పైకి వస్తుందో తెలుసుకుని, దాని రంగు, లావు, పొడవు చూసుకుని అలాంటిదే కట్టాలి. రెక్కలకూ తోకకూ ఈకలు సరిపోతాయి. పురుగు ఒంటికి మాత్రం బొచ్చు కావాలి. మైనం రాసిన దారం మీద కాస్త బొచ్చు పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేని, ఆ దారాన్ని కొక్కేనికి చుడతారు. ఇలా పేనే బొచ్చుకు డబ్బింగ్ అని పేరు.

అలెన్‌టౌన్ ఊళ్లోంచే లిటిల్ లీహై అనే వాగు పారుతుంది. సున్నపురాతి నేలలోంచి ఊరే నీరు కాబట్టి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పెద్దాయన చేతిలో గాలం కర్రతో పొద్దునో సాయంత్రమో ఆ వాగు దగ్గర ఉండేవారు, మధ్యాహ్నం బల్ల దగ్గర. ఆయన చేపలు పట్టడం కన్నా ఆ బల్ల దగ్గరి పనే నన్ను పట్టేసింది.

మొదటి రోజు ఆయన నా చేతిలో పెట్టింది మస్క్‌రాట్ తోలు ముక్క. చెరువుల్లో, వాగుల్లో బతికే పెద్ద ఎలుక లాంటి జంతువు అది. చూడటానికి మట్టిరంగు, నిగనిగలాడే పొడుగాటి వెంట్రుకలు. “ఊదు” అన్నారు. ఊదితే బొచ్చు విచ్చుకుని అడుగున ఇంకో లోకం కనిపించింది. నీలం కలిసిన బూడిదరంగు నూగు, వేలు పెడితే తోలు తగలనంత ఒత్తుగా. పైన ఉన్న పొడుగు వెంట్రుకల కొసలు పట్టుకుని ఒక్కొక్క గుప్పెడు సుతారంగా లాగేసి, మిగిలిన నూగును తోలు దగ్గరగా కత్తిరించి నా అరచేతిలో వేశారు. బరువే తెలియలేదు. ఆ నూగే నీళ్లలో తిరిగే జంతువును చలి నుంచి కాపాడుతుందని, వెంట్రుకల మధ్య గాలిని పట్టి ఉంచి తోలుకు తడి తగలనివ్వదని చెప్పారు. “అందుకే నీటి మీద తేలే ఫ్లైకి ఇది కడతాం. ఆ జంతువుకు చేసిన పనే మనకూ చేసిపెడుతుంది.”

నీళ్లలో తిరిగే బీవర్ అనే జంతువు బొచ్చు కూడా అంతే, ఇంకా మెత్తన. కుందేలు నూగు వేళ్లకు తేలిగ్గా లొంగుతుంది గాని నీళ్లు తాగుతుంది. మునగాల్సిన ఫ్లైలకు అదే మేలు. నేలను తవ్వుకుంటూ బతికే మోల్ అనే చిన్న జంతువు బొచ్చు మరీ పొట్టి. ఎటు నిమిరినా ఒకేలా పడుకుంటుంది. సొరంగంలో ముందుకూ వెనక్కూ పాకాలి గదా, వాలు ఉంటే మట్టి పట్టుకుంటుంది. చాలా సన్నని ఫ్లైలకు దాన్ని మించింది లేదు. ఇవన్నీ ఆయన పాఠం చెప్పినట్టు చెప్పలేదు. పని చేస్తూ, ఒక్కో పొట్లం విప్పుతూ చెప్పారు. ప్రతి పొట్లం మీదా పెన్సిలుతో ఏ జంతువు, ఒంట్లో ఏ భాగం, ఎవరిచ్చారు అని రాసి ఉండేది.

ఇంక పేనడం. దారం బిగుతుగా పట్టుకోవాలి. మైనం పలచగా రాయాలి. బొచ్చు ఎంత తీసుకోవాలన్నది అసలు సంగతి. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: “తగ్గించు. ఇంకా తగ్గించు.” దారం మీద పొగ ఆనినట్టుగా, ఉందో లేదో అన్నంత బొచ్చు చాలు. వేళ్లు ఒకే వైపు తిప్పాలి. అటూ ఇటూ తిప్పితే ఎక్కిన పురి విడిపోతుంది. కొస దగ్గర సన్నగా మొదలై, మధ్యకు వచ్చేసరికి కాస్త లావెక్కి, మళ్లీ సన్నబడాలి. అప్పుడే కొక్కేనికి చుట్టాక పురుగు ఒళ్లు పురుగు ఒళ్లులా ఉంటుంది.

నాకు ఆ పని కొత్తగా అనిపించలేదు. మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా పొందూరు. నేను పెరిగింది ఆవిడ రాట్నం పక్కన. పొందూరు ఖద్దరు సంగతి తెలిసినవాళ్లకు ఆ పని ఎంత ఓపికదో వేరే చెప్పనక్కరలేదు. గింజకు అంటుకుని ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు ఉండే సన్నని పళ్ల వరస పత్తిలో చిక్కునూ నలుసునూ తీసేసి పోగులన్నిటినీ ఒక వాటానికి తెస్తుంది. తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని అమ్మమ్మ పత్తిని చేత్తో తడిమి చెప్పేది. ఏ పత్తి ఎంత సన్నగా వస్తుందో, ఏది మధ్యలో తెగుతుందో ఆవిడ వేళ్లకు తెలుసు. “లాగకే, దానంతటది రానీ” అనేది నాతో. పెద్దాయన “తగ్గించు” అన్నప్పుడల్లా నాకు ఆ మాట వినబడేది.

చేప దవడతో పత్తిని దువ్వుతారని చెబితే పెద్దాయన చేతిలో కత్తెర కింద పెట్టేశారు. ఎంత పెద్ద చేప, పళ్లు ఎలా ఉంటాయి, ఎముకను ఏం చేసి దాస్తారు అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. చాలక అమ్మకు ఉత్తరం రాస్తే, ఫొటో తీయించి పోస్టులో పంపింది. అమ్మమ్మ చెయ్యి, చేతిలో దవడ, కింద తెల్లటి పత్తి. ఆ ఫొటో ఆయన బల్ల ముందు గోడకు చాలాకాలం ఉంది. చేప ఎముకతో నూలు తీసే ఊరు ఒకటి ఉందని వచ్చినవాళ్లందరికీ ఆయనే చెప్పేవారు, పొందూరు పేరు తనకు వచ్చినట్టు పలుకుతూ.

ఆయన ఊరివాడే అయిన జేమ్స్ లైసెన్‌రింగ్ అంటే పెద్దాయనకు ఎంతో గౌరవం. 1941లో నీట మునిగే ఫ్లైల గురించి పుస్తకం రాసిన మనిషి. ఇంగ్లండులో ఫ్లైల గురించి రాసిన స్క్యూస్‌తో ఉత్తరాలు నడిపినవాడు. లైసెన్‌రింగ్ పద్ధతి వేరు. దారానికి బొచ్చు పేని ఊరుకోడు. మైనం పట్టించిన పట్టుదారాన్ని మోకాలి మీద, ప్యాంటు గుడ్డ మీద పరచి, దాని మీద బొచ్చును పలచగా పేర్చి, దారం రెండో సగాన్ని దాని మీదికి మడిచి, అరచేత్తో ఒక్క దొర్లింపు దొర్లించేవాడు. రెండు పోగుల మధ్య బొచ్చు చిక్కుకుని గట్టి తాడులా తయారయ్యేది. అలా చేసిన ఒళ్లను గాట్లు పెట్టిన అట్టలకు చుట్టి దాచుకునేవాడు. ఇదే పని బల్ల మీద చేయడానికి లైసెన్‌రింగ్ స్నేహితుడు డిక్ క్లార్క్ గాడి పెట్టిన చెక్కదిమ్మె ఒకటి తయారు చేశాడు. మా పెద్దాయన అలాంటిది స్వయంగా చెక్కుకున్నారు.

ఈ పద్ధతిలో ఒక అందం ఉంది. పట్టుదారం రంగు లోపలి నుంచి కనిపిస్తుంది. లైసెన్‌రింగ్ మోల్ బొచ్చును ముదురు ఎరుపు పట్టుదారం మీద పేనేవాడు. పొడిగా ఉన్నప్పుడు చూస్తే వట్టి నల్లని బూడిదరంగు. నీళ్లలో ముంచి వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి: బూడిదరంగు లోంచి ఎరుపు మెల్లగా పైకి వస్తుంది, లోపల నెత్తురు ఉన్న పురుగులా. చేప కింద నుంచి, వెలుతురుకు ఎదురుగా చూస్తుంది గదా. దానికి కనిపించేది ఇదే. అందుకే పెద్దాయన బల్ల మీద ఎప్పుడూ ఒక గాజుగ్లాసులో నీళ్లు ఉండేవి. కట్టిన ప్రతి కొత్త ఫ్లైనీ అందులో వేసి చూసేవారు. పొడిగా ఉన్నప్పుడు ఎవరైనా మెచ్చుకుంటే ఆయనకు నచ్చేది కాదు.

ఎర్రనక్క పొట్టబొచ్చు గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్‌స్కిల్ కొండల వాగుల్లో వసంతం మొదట్లో ఒక పురుగు పైకి వస్తుంది. దాన్ని చూసి 1916లో రాయ్ స్టీన్‌రాడ్ ఒక ఫ్లై కట్టాడు. తన మిత్రుడు హెండ్రిక్సన్ పేరు పెట్టాడు. ఒంటికి వాడింది నక్క పొట్ట కింది మీగడరంగు బొచ్చు. ఆ తరువాత అదే కొండల్లో షొహారీ వాగు ఒడ్డున ఉండే ఆర్ట్ ఫ్లిక్, ఆడనక్క పొట్ట కింద మూత్రంతో తడిసి తడిసి గులాబి ఛాయ తిరిగిన బొచ్చే అసలైనదని అందరికీ చాటాడు. ఆ గులాబి వేరు. అద్దకంతో వచ్చే గులాబిలా ఒకే తీరుగా ఉండదు. ఒక వెంట్రుకకు ఉంటుంది, పక్కదానికి ఉండదు, కొన్నిటికి కొసనే ఉంటుంది. పెద్దాయన దగ్గర అది అగ్గిపెట్టెడు ఉండేది. దాన్ని తీసేటప్పుడు గరాజు తలుపు దించేవారు, గాలికి ఎగిరిపోతుందని. ఏప్రిల్ చివర్లో హెండ్రిక్సన్లు కట్టే వారం ఆ పెట్టె బయటికి వచ్చేది. మళ్లీ ఏడాది దాకా కనిపించేది కాదు.

ఇంతకన్నా వింతైనది ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు టివర్టన్ ఊరివాడు ఆస్టిన్ కట్టిన ఫ్లై. దానికి టప్స్ ఇండిస్పెన్సబుల్ అని పేరు పెట్టింది స్క్యూస్. పొట్టేలు వృషణాల దగ్గరి ఉన్ని అందులో ముఖ్యం. ఏమేమి కలిపాడన్నది చాలాకాలం కొద్దిమందికే తెలిసిన రహస్యం. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు నేను ఏమనుకుంటానో అని కాస్త మొహమాటపడ్డారు. గొర్రెల మందల మధ్య పెరిగిన ఊరిదాన్ని, నాకేం మొహమాటం? ఏ ఉన్ని ఎక్కడిదైతే బిరుసో, ఎక్కడిదైతే నూనె పట్టి ఉంటుందో మా ఊళ్లో గొర్రెలు కాచేవాళ్లకూ తెలుసు. ఉన్నితో పురుగు ఒళ్లు కట్టడం ఇంగ్లండులో మరీ పాత విద్య. గాలంతో చేపలు పట్టడం గురించి 1496లో అచ్చయిన రచనలోనే పన్నెండు ఫ్లైలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒళ్లు నలుపు, పసుపు, బూడిద రంగుల ఉన్నివే.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది అడవి కుందేలు ముఖం. ముఖమూ చెవులూ కలిపి ఒకే తోలుగా అమ్ముతారు. ఒక్క వెంట్రుకను పీకి తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంలో చూస్తే అడుగున బూడిద, ఆపైన నలుపు, కొసన తేనెరంగు. ఒకే వెంట్రుకలో మూడు రంగులు, మొదలు నుంచి కొసకు సన్నబడుతూ. బుగ్గల మీద మెత్తని నూగు ఎక్కువ. చెవుల మీద పొట్టి బిరుసు వెంట్రుకలే, నూగు అసలు లేనట్టే. ఒట్టి చెవి వెంట్రుకలు దారానికి పట్టవు, జారిపోతాయి. ఒట్టి బుగ్గ నూగు కడితే ఫ్లై దూది చుట్టినట్టు చప్పగా ఉంటుంది. రెండూ కలపాలి. నూగు పట్టి ఉంచుతుంది, బిరుసు వెంట్రుక కాళ్లలా బయటికి పొడుచుకు వస్తుంది. ఎంతకు ఎంత అన్నదే కట్టేవాడి చేతివాటం. చుట్టాక బంగారు రంగు సన్నతీగ వేసి, చివర సూదితో అక్కడక్కడా వెంట్రుకలు పైకి లాగితే నీళ్లలో వాటి మధ్య బుడగలు చిక్కుకుంటాయి. పైకి రావడానికి పొర చించుకుంటున్న పురుగుకు అవే బుడగలు ఉంటాయి.

మిషిగన్‌లో లెన్ హాలడే 1922లో కట్టిన ఆడమ్స్ ఫ్లైని ఇప్పటికీ ట్రౌట్ ఉన్న చోటల్లా వాడతారు. ఒంటికి మస్క్‌రాట్ నూగే. అది ఫలానా పురుగు అని ఎవరూ చెప్పలేరు. అయినా చేపలు తీసుకుంటాయి. ఆ బూడిదరంగులో ఎన్ని రంగులు ఉన్నాయో చూస్తే నాకు ఆశ్చర్యం వేయదు.

ఒక వేసవిలో అమ్మ వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టి, నా బల్ల మీది తోలు ముక్కలు చూసి, “ఇదేమిటే, ఇంట్లో ఈ తోళ్లేమిటి? పిల్లలు తిరిగే ఇల్లు” అంది. రెండు రోజులు ఆ గదిలోకి రాలేదు. మూడో రోజు నేను పక్కింటికి వెళ్తుంటే తనూ వచ్చింది. పెద్దాయన లేచి నిలబడి కుర్చీ ఇచ్చారు. అమ్మకు ఇంగ్లిషు రాదు, ఆయనకు తెలుగు రాదు. కాసేపు చూసి, అమ్మ నా చేతిలోంచి మైనం రాసిన దారం తీసుకుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, తొడ మీద దారం పరచి, బీవర్ నూగు కాస్త తుంచి చల్లి, రెండో పోగు మడిచి, అరచేత్తో ఒక్కసారి దొర్లించింది. “వత్తులు చేసినట్టే కదే” అంది నాతో. పెద్దాయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. మొదలు నుంచి కొసదాకా ఒకే పురి, ఎక్కడా ముడి లేదు, ఉబ్బు లేదు. లైసెన్‌రింగ్ మోకాలి మీద చేసిన పని అమ్మ చెప్పించుకోకుండానే చేసింది. ఆయన మాట్లాడకుండా వెళ్లి గాట్లు పెట్టిన అట్ట ఒకటి తెచ్చి, అమ్మ చేసినదాన్ని దానికి చుట్టి, పెన్సిలుతో అమ్మ పేరు రాశారు. అక్షరాలు నన్ను అడిగి రాసుకున్నారు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ అట్ట నిండుతూ పోయింది. తోళ్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఊరెళ్లేముందు మాత్రం, “ఆ నక్కది అందరికీ ఇవ్వకే, అది మళ్లీ దొరకదు” అని నాకు బుద్ధి చెప్పింది.

సీల్ బొచ్చు సంగతి వేరు. మెరుపూ, బిరుసూ, నీటిలో వెలుతురును పట్టుకునే గుణమూ దాని సొత్తు. సాల్మన్ చేపలకు ఫ్లైలు కట్టేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలచుకుంటారు. 1972లో అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం తెచ్చాక దాని దిగుమతి ఆగిపోయింది. పెద్దాయన దగ్గర అంతకుముందుదే ఒక పొట్లం ఉండేది. మాకు చూపించారు గాని మళ్లీ కట్టలేదు. అంగోరా మేక బొచ్చు వాడేవారు. అది దగ్గరగా వస్తుంది, చాలు అనేవారు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కూడా అదే 1972లో. మా మేనమామ సైన్‌బోర్డులు రాసేవాడు. ముంగిస వెంట్రుకల కుంచెల మీద ఆయనకు ఉన్న మమకారం నాకు తెలుసు. అయినా ఆ జంతువును చంపి కుంచె చేయకూడదన్న చట్టం సరైనదే. చేతికి ఎంత అలవాటైన వస్తువైనా కొన్నిటిని వదులుకోవాలి. నా పెట్టెలో ఉన్నవన్నీ చట్టం ఒప్పుకునేవే. ఊరికి వచ్చేటప్పుడు వాటిలో ఒక్క ముక్కా వెంట తీసుకురాను.

దుకాణాల్లో ఇప్పుడు కృత్రిమ డబ్బింగ్ ఎన్ని రంగుల్లో కావాలంటే అన్ని రంగుల్లో దొరుకుతుంది. మెరుస్తుంది, పురుగు పట్టదు, నీళ్లు తాగదు. తళుకు కావలసిన చోట నేనూ ఒక చిటికెడు కలుపుతాను. అయితే దాని పోగు మొదలూ కొసా ఒకటే లావు, ఒకటే రంగు. కుందేలు వెంట్రుకలో ఉన్న మూడు రంగులూ ఆ సన్నదనమూ దానికి ఎక్కడివి? నీళ్ల గ్లాసులో రెంటినీ పక్కపక్కన వేస్తే నా కన్ను ఎప్పుడూ బొచ్చు కట్టినదాని మీదికే పోతుంది. అది ఊరికే ఉండదు. నీరు కదలకపోయినా దాని వెంట్రుకలు మెల్లగా విచ్చుకుంటూ ఉంటాయి.

పెద్దాయన కాళ్లు సహకరించని రోజులు వచ్చాక ఒహాయోలో కూతురు దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు సొరుగు మొత్తం నాకు ఇచ్చేశారు. పొట్లాలు, చెక్కదిమ్మె, అగ్గిపెట్టెలో మిగిలిన నక్క పొట్టబొచ్చు. అమ్మ పేరున్న అట్ట మాత్రం ఆయన తీసుకువెళ్లారు. అందులో కొన్నిటితో అక్కడి వాగుల్లో చేపలు పట్టానని తరువాత ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. “ఎన్ని పట్టాడో అడుగు” అంది.

ఇది చదివి ఎవరికైనా మొదలుపెట్టాలనిపిస్తే నా మాట ఒకటి వినండి. నక్కలూ సీళ్లూ వద్దు. అద్దకం వేయని అడవి కుందేలు ముఖం ఒకటి కొనండి. అన్ని బిరుసులూ అన్ని మెత్తదనాలూ ఆ ఒక్కదానిలోనే ఉంటాయి. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టండి. తోలులో పురుగు గుడ్లు ఉంటే చస్తాయి, మిగతా సరుకు దక్కుతుంది. బుగ్గ నూగు, చెవి వెంట్రుక విడివిడిగా కత్తిరించి, సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీళ్లలో రెండూ కలిపి గిలకొట్టి, పిండి, కాగితం మీద నీడన ఆరబెట్టండి. ఆరిన ముద్దను వేళ్లతో విడదీసి, చిటికెడు తీసుకుని, అందులో సగం పక్కన పెట్టి, మిగిలిన సగంతో మొదలుపెట్టండి.